మెచ్చుకునే మీటరు

నా తోడల్లుడిని మా సైకిలు బృందంలో అందరూ కెప్టెన్ అంటారు. ఆ పేరు వాళ్ళు పెట్టింది కాదు. ఆయనే పెట్టుకుని, అందరి చేతా పిలిపించుకునేదాకా ఊరుకోలేదు. మా భార్యలిద్దరూ అక్కచెల్లెళ్ళు. నా భార్య పోయి మూడేళ్ళయింది. ఆవిడ చెల్లెలు బుజ్జి మాత్రం నన్ను వదిలిపెట్టలేదు. వారానికోసారి ఏదో వండి గిన్నె పంపుతుంది. అప్పుడప్పుడు మొగుణ్ణి కూడా పంపుతుంది. గిన్నెకు నేను కృతజ్ఞుణ్ణి.

పోయిన నెల గుట్ట రోడ్డు ఎక్కుతూ కెప్టెన్ సైకిలు మీంచి పక్కకి ఒరిగిపోయాడు. ఎదురుగాలి తోసేసిందని కనబడ్డవాళ్ళందరికీ చెప్పుకున్నాడు. ఆసుపత్రిలో చేర్చుకున్న డాక్టరు మాత్రం గాలి ఊసు ఎత్తలేదు. గుండె గురించే మాట్లాడాడు.

"బావా, డాక్టరు చెప్పింది నీకు తెలుసుగా," అని బుజ్జి ఫోన్ చేసింది. "సైకిల్ తొక్కొచ్చంట. గుండె నిమిషానికి నూట ముప్పై దాటితే మాత్రం వెంటనే దిగిపోవాలంట. అది చూపించే మీటరు కొనుక్కోమన్నాడు. ఈయన్ని ఒక్కణ్ణే పంపిస్తే మెరిసేదేదో పట్టుకొస్తాడు. నువ్వు కూడా వెళ్ళవా?"

"నా మాట వింటాడా?"

"వినడు. ఎవరి మాటా వినడు. అయినా వెళ్ళు బావా."

వెళ్ళాను.

సైకిళ్ళ కొట్టు లోపలికి సన్నగా, పొడుగ్గా ఉంటుంది. కప్పు కొక్కేలకు సైకిళ్ళు ముందు చక్రాలతో వేలాడుతుంటాయి. గదంతా కొత్త రబ్బరు వాసన. కెప్టెన్ నాకంటే ముందే వచ్చాడు. ఇంటి నుంచి రెండు వీధులు నడిచి రావడానికి హెల్మెట్ పెట్టుకున్నాడు, చేతి తొడుగులు కూడా వేసుకున్నాడు.

"సార్‌ని చూస్తేనే తెలుస్తుంది, రేసు మనిషని," అంటున్నాడు కొట్టు యజమాని. ఆయన ఒంటికి అతుక్కునే సైకిలు బట్టలు తప్ప వేరే వేసుకోడు. ఆయన్ని సైకిలు మీద చూసినవాళ్ళు మాత్రం ఎవరూ లేరు. కాకపోతే నేను చెమట తుడుచుకోవడం గమనించి, చెప్పకుండానే గోడ ఫ్యాను నావైపు తిప్పాడు. ఆ ఒక్క పనివల్ల ఆయన్ని మనసారా తిట్టుకోలేకపోయాను.

మీటర్లు మూడు రకాలు తీసి బల్లమీద పెట్టాడు. ఒకటి ఛాతీకి కట్టే పట్టీ. అది గుండెలో పుట్టే విద్యుత్తును నేరుగా పట్టుకుంటుంది. రెండోది మోచేతికి కొంచెం పైన జబ్బకు బిగించేది. మూడోది చేతి వాచీ. ఈ చివరి రెండూ చర్మం మీద వెలుగు వేసి, లోపలి రక్తం కదలికను బట్టి అంచనా కడతాయి. కొట్టు మధ్యలో స్టాండుకు బిగించిన సైకిలు ఒకటుంది. దాన్ని ఎంత తొక్కినా ఉన్నచోటే ఉంటుంది. కెప్టెన్‌కు అంతకంటే తగిన వాహనం లేదనిపించింది.

ముందు పట్టీ కట్టుకుని తొక్కాడు. కాసేపటికి హ్యాండిల్‌కు బిగించిన చిన్న తెరమీద నూట నలభై ఎనిమిది కనిపించింది. పెళ్ళిలో తనని గుర్తుపట్టని బంధువును చూసినట్టు చూశాడు దాన్ని.

"ఇది పాడైపోయింది," అన్నాడు.

"అయ్యుండొచ్చు సార్. పొద్దున్నుంచీ నాక్కూడా తేడాగానే అనిపిస్తోంది," అన్నాడు యజమాని.

జబ్బ పట్టీ నూట నలభై నాలుగు చూపించింది.

"దీనికీ అదే రోగం."

"ఒకే పెట్టెలో వచ్చాయి కదా సార్."

అప్పుడు వాచీ పెట్టుకున్నాడు. బిగించమని నేనంటే, చేతికి గుర్తు పడుతుందని వదులుగానే ఉంచాడు. ఈసారి నూట తొమ్మిది వచ్చింది. ఆయన ముఖం వెలిగిపోయింది.

"ఇదీ మీటరంటే! చూశావా అన్నయ్యా, నా గుండె... ఎంత... నిదానమో!"

ఆ ఒక్క వాక్యానికి మూడుసార్లు ఊపిరి పీల్చుకున్నాడు. గడ్డం మీంచి చెమట హ్యాండిల్ మీద కారుతోంది. చాలా ఫోటోలు తీయించుకుని బాగా పడ్డదాన్ని ఏరుకునేవాళ్ళను చూశాను. గుండె వేగాన్ని కూడా అలా ఏరుకునే మనిషిని చూడటం అదే మొదలు. మీటరు కొనడానికి వచ్చినవాడు మెచ్చుకునేవాణ్ణి ఎంచుకుంటున్నాడు.

"ఒకసారి ఇలా ఇవ్వు తమ్ముడూ," అని వాచీ తీసుకున్నాను. ఆయన చెమట తుడుచుకుని పడేసిన తువ్వాలును చుట్టగా చుట్టి, దానికి వాచీ పెట్టాను. పచ్చటి వెలుగు కాసేపు మిణుకుమిణుకుమంది. తెరమీద తొంభై రెండు వచ్చింది.

యజమాని దగ్గాడు.

"తువ్వాలుకు కూడా గుండె ఉంది," అన్నాను. "నీకంటే ఆరోగ్యంగా ఉంది."

మరొకడైతే సిగ్గుపడేవాడు. కెప్టెన్ వంగి తెరను తేరిపార చూసి, మెచ్చుకోలుగా తలాడించాడు. "ఎంత సున్నితమైన మెషినో చూడు! తువ్వాల్లో నా ఒంటి వేడి ఇంకా ఉంది కదా, దాన్ని కూడా పట్టేసింది!"

"సెన్సిటివిటీ చాలా ఎక్కువ సార్ దీనికి," అన్నాడు యజమాని. "బిల్లు వేసెయ్యనా?"

ఆ కొట్టులో నిజం చెప్పినవి రెండే రెండు. ఆ రెంటినీ అప్పటికే పెట్టెల్లో పెట్టి మూత వేస్తున్నాడు.

నేను ఫోన్ తీశాను. "ఉండు, బుజ్జితో ఒక మాట చెప్పి కొందువుగాని."

కెప్టెన్ సైకిలు దిగి నా చెయ్యి పట్టుకున్నాడు. "ఆగు అన్నయ్యా," అని, యజమాని వైపు తిరిగి, "నువ్వు కాస్త అవతలికి వెళ్ళవయ్యా," అన్నాడు. యజమాని వెనకగదిలోకి తప్పుకున్నాడు.

"ఆ పట్టీకి డాక్టరు చెప్పిన హద్దు పెట్టి కట్టుకుంటే గుట్ట మొదట్లోనే మోగుతుంది," అన్నాడు గొంతు తగ్గించి. "నేను దిగాలి. వాళ్ళంతా పైకి వెళ్ళి నిలబడి చూస్తారు. కెప్టెన్ సైకిలు తోసుకుంటూ వస్తున్నాడని నవ్వుతారు."

"నవ్వనీ."

"నీకేం, నిన్ను చూసి ఎప్పుడూ నవ్వుతూనే ఉంటారు. నీకు అలవాటైపోయింది."

బతిమాలుకునేటప్పుడు కూడా ఆ నోరు అంతే. నాకు ఒళ్ళు మండింది. జాలి పడదామన్నా సందు ఇవ్వడు.

"నవ్వేవాళ్ళు నలుగురు, ఏడ్చేది ఒక్కతే. అందుకని నలుగురి వైపే నిలబడ్డావా?" అన్నాను. "ఇద్దరు పడుకున్న మంచం మీద ఒక్కరే మిగిలితే ఏ పక్కన పడుకోవాలో మూడేళ్ళయినా నాకు తెలియడం లేదు తమ్ముడూ. అది బుజ్జి నేర్చుకోనక్కర్లేదు."

కెప్టెన్ వచ్చినప్పటినుంచీ తీయని హెల్మెట్ తీసి బల్లమీద పెట్టాడు. నెత్తిమీద జుట్టు పల్చగా, తడిగా అతుక్కుని ఉంది. ఆ తలను అంత దగ్గరగా నేనెప్పుడూ చూడలేదు. ముసలి తల.

కాసేపటికి వెనకగది వైపు చూసి గట్టిగా అడిగాడు. "ఏమయ్యా, ఆ ఛాతీ పట్టీ నల్లరంగులో ఉందా?"

"ఉంది సార్! రేసు వాళ్ళంతా అదే వాడతారు సార్!" అంటూ యజమాని పరుగెత్తుకొచ్చాడు. పొద్దున్నుంచీ తేడాగా ఉన్న పట్టీ ఆ క్షణాన బాగైపోయింది.

"రెండు తియ్యి," అన్నాడు కెప్టెన్. "మా అన్నయ్య కూడా కట్టుకుంటాడు. నాది ఒక్కటే మోగితే ఏం బాగుంటుంది?"

ఆ ఆదివారం గుట్ట రోడ్డుకు వెళ్ళాం. ఎక్కడం మొదలుపెట్టిన రెండో మలుపులోనే ఆయన మీటరు కీచుమంది. మిగతావాళ్ళు ముందుకు సాగిపోయారు. కుర్రాడొకడు వెనక్కి తిరిగి నవ్వాడు కూడా. కెప్టెన్ ఇంకో నాలుగు తొక్కులు తొక్కాడు. మీటరు ఊరుకోలేదు. పళ్ళు నూరుతూ దిగాడు. ఆ పట్టీని, దాన్ని అమ్మినవాణ్ణి, కొనిపించిన నన్ను వరసగా తిట్టాడు.

నేనూ దిగాను.

"నీది మోగలేదుగా?" అన్నాడు అనుమానంగా.

"చెయిన్ జారింది."

చెయిన్ శుభ్రంగానే ఉంది. ఆయన అటు చూడనైనా లేదు. ముఖంలోకి మళ్ళీ కళ వచ్చింది.

"నీకు సైకిలు చూసుకోవడం ఎప్పటికి వస్తుంది అన్నయ్యా? చెయిన్‌ని ఇలాగేనా ఉంచుకునేది?"

ఇక మొదలుపెట్టాడు. చెయిన్ ఎలా కడగాలి, నూనె ఎన్ని చుక్కలు వెయ్యాలి, పళ్ళ చక్రం ఎప్పుడు మార్చాలి. దారంతా పాఠం చెబుతూనే ఉన్నాడు. అందులో సగం తప్పు, మిగతా సగం నేనే ఒకప్పుడు ఆయనకు చెప్పింది. ఆయన హ్యాండిల్ మీద అంకె మెల్లగా దిగి నూట ఇరవైకి, ఆ తర్వాత ఇంకా కిందికి వచ్చింది. పక్కనే సైకిలు తోసుకుంటూ, అన్నిటికీ ఊ కొడుతూ నడిచాను.