కలే అనుకున్నాను

కలలో ఉన్నానని కలలోనే తెలుసుకోవడం ఎలాగో ఫోన్‌లో ఏదో వీడియోలో చెబుతుంటే విని నేర్చుకున్నాను. ముక్కు మూసుకున్నా ఊపిరి ఆడుతుంటే అది కలే. ఆ సంగతి తెలిశాక ఎవరిని కావాలంటే వాళ్లను పిలుచుకోవచ్చు. నేను మా ఆయన అజయ్ బాబును పిలిచేదాన్ని.

పోయినేడాది బాపట్ల నుంచి బండి మీద వస్తూ కల్వర్టును గుద్దుకుని పోయారు ఆయన. లారీ లైట్లు కళ్లలో పడ్డాయని రేపల్లెలో అందరికీ నేనే చెప్పాను. తాగి ఉన్నారని నాకొక్కదానికే తెలుసు. బయల్దేరేముందు ఫోన్ చేస్తే మాట ముద్దగా వచ్చింది. మా అత్తయ్య రాహేలు చర్చి సంఘంలో స్త్రీల సమాజానికి పెద్ద. ఏ ఇంట్లో ప్రార్థన కూడిక పెట్టినా తాగుడు మీద నాలుగు మాటలు చెప్పనిదే ఆమేన్ అనరు. ఈ సంగతి తెలిస్తే ఆవిడకు కొడుకును రెండోసారి పాతిపెట్టినట్టే. అందుకే నోరు కుట్టేసుకున్నాను.

పునరుత్థానం మీద నమ్మకం ఉన్నవాళ్లు గుండెలు బాదుకోకూడదన్నారు పెద్దలు. సరేనని బాదుకోలేదు. ఆ ఏడుపంతా కలలో వడ్డీతో సహా వచ్చేది. ఇంట్లో ఏనాడూ 'మీరు' తప్ప అనని దాన్ని, కలలో 'నువ్వు' అని నిలదీసేదాన్ని. గుండెల మీద గుద్దేదాన్ని. అంత కోపం, అంత ప్రేమ నాలో ఉన్నాయని నాకే తెలియదు.

మొన్న ఈస్టరుకు తెల్లవారకముందే అందరం సమాధుల తోటకు వెళ్లాం. కొత్తగా సున్నం వేసిన సమాధుల మీద వెలుగుతున్న కొవ్వొత్తులు, చుట్టూ పాట. నిద్ర చాలక నా కళ్లు మండుతున్నాయి. ఎదురుగా తెల్ల చొక్కాలో ఆయన నడిచి వస్తున్నారు. ఇంకేం కావాలి, కలే అనుకున్నాను. రెండు చేతుల్లోనూ కొవ్వొత్తులుండడంతో ముక్కు మూసుకుని చూసుకోలేదు.

అవి పారేసి, పరుగెత్తుకెళ్లి చొక్కా పట్టుకుని గుద్దాను.

"తాగి బండెందుకెక్కావు? తెల్లారాక రావచ్చుగా. నేనేమన్నా తిట్టేదాన్నా?"

పాట ఆగిపోయింది. వేలి మీద వేడి మైనం చురుక్కుమంది. కలలో ఏదీ ఎప్పుడూ కాలలేదు. నేను పట్టుకున్నది మరిది కిరణ్ కుమార్‌ని. అన్నను అచ్చు గుద్దినట్టుంటాడు. తెనాలి నుంచి అప్పుడే వచ్చాడట. ఇంత సంఘం ముందు, అత్తయ్య ముందు, దాచిందంతా కక్కేశాను.

ఆవిడ నా దగ్గరికి వచ్చారు. కొడతారేమో అనుకున్నాను. నా వేలి మీది మైనం గోటితో తీస్తూ, అందరూ వింటుండగానే చెప్పారు.

"నాకు తెలుసమ్మా. ఆస్పత్రికి నీకంటే ముందు నేనే వెళ్లాను కదా. నోరంతా ఆ వాసనే. నువ్వొచ్చేలోగా కొంగు తడిపి తుడిచేశాను."

ఆ రోజు ఆస్పత్రిలో కడసారి ముద్దు పెట్టుకున్నప్పుడు ఆయన పెదాలు తడిగా ఉన్నాయి. దాహమంటే ఎవరో పుణ్యాత్ములు చివరి నీళ్లు పోశారనుకుని ఇన్నాళ్లూ ఊరట పొందాను.