విప్పకూడని చెక్క

షట్టరింగు కార్పెంటరు బతుకంతా పందిరి వేసి పీకడమే. చెక్క బిగిస్తాడు, కాంక్రీటు గట్టిపడ్డాక విప్పేస్తాడు. నిలిచేది కాంక్రీటు. మా రూములో ఉండే పోశన్న తల నెరిసేదాకా అదే చేశాడు.

అలాంటివాడికి ఇక్కడ గల్ఫ్‌లో, ఫరీజ్ బిన్ మహమూద్ అనే పేటలో, వరల్డ్ కప్ జనం కోసం కడుతున్న హోటల్లో వేరే పని తగిలింది. భోజనాల హాలుకు పాతకాలపు చర్చి కప్పు కావాలట. వందల ఏళ్ళ కిందట, గోడలు రాతి బరువు మోయలేని చోట కమాను కప్పును చెక్కతోనే కట్టి, రాయిలా రంగు వేసేవారట. వంపు తిరిగిన కాంక్రీటు కిందే పోశన్న కర్ర కమానులు నిలిపి, వాటి మధ్య పలకలు బిగించాడు. నేను స్టోరుకీపర్ని, మేకులు ఇవ్వడం తప్ప ఏమీ తెలియదు. అయినా దాని కింద నిలబడితే నాకు కడుపు నిండేది.

"ఇది ఇప్పేది కాదురా, ఉండేది," అని రోజూ చెప్పేవాడు. విని విని విసుగొచ్చేది.

శనివారం రంగులవాళ్ళు రావాలి. శుక్రవారం పోశన్న జ్వరంతో లేబర్ క్యాంపులో పడుకున్నాడు. సెలవు రోజే కదా, అన్నకు సాయం చేద్దామని వాళ్ళ ఊరివాడే, వేరే సైటులో షట్టరింగు చేసే నర్సింగ్ తన గ్యాంగుతో మాకు చెప్పకుండా హోటలుకు పోయాడు. ఒకే కంపెనీ బట్టలు చూసి వాచ్‌మన్ ఆపలేదు. రంగుల కోసం ఉంచిన స్కాఫోల్డింగు, దాని మీద చెక్క, ఆపైన కాంక్రీటు. షట్టరింగువాడి కంటికి విప్పాల్సిన పందిరి తప్ప ఇంకేం కనబడుతుంది?

సాయంత్రం నర్సింగే వచ్చి, ముఖమంతా నవ్వుతో మమ్మల్ని హోటలుకు తీసుకుపోయాడు. పలకలన్నీ గోడవారన పేర్చి ఉన్నాయి.

"జెరంతోని నువ్వేం జేస్తవన్నా, మేమే ఇప్పేసినం. ఒక్క పలక గూడ ఇరగలే, సూడు."

నాకు ఒళ్ళు మండింది. తిడదామని నోరు తెరిస్తే పోశన్న నా చెయ్యి పట్టుకున్నాడు. అతని చెయ్యి కాలిపోతోంది. బోడి కాంక్రీటు వంక ఒకసారి చూశాడు.

"మంచిగ ఇప్పిండ్రు తమ్మీ," అన్నాడు.

మళ్ళీ కట్టుకుంటామని మరునాడు మేనేజరు వేణుగోపాలరావును బతిమాలాం. పాపం, ఆయనా బాధపడ్డాడు. మ్యాచులు నెత్తిమీదికొచ్చాయి, చెక్క బదులు జిప్సం సీలింగు కొట్టించెయ్యమని పైనుంచి ఆర్డరట. ఆ పలకల్ని అల్ తుమామాలో విల్లాల సైటుకు షట్టరింగుకి పంపేశారు. అక్కడ వాటిని బిగించే డ్యూటీ, మళ్ళీ విప్పే డ్యూటీ పోశన్నకే వేశారు.