తువ్వాలు వేసిన సీటు

కారు ఇంటికొచ్చి ఎనిమిది నెలలైంది. ఆ ఎనిమిది నెలల్లో దాని స్టీరింగు మీద అంగుళం చెయ్యి ఒక్కసారి కూడా పడలేదు. అంగుళం ఆమె అసలు పేరు కాదు, డిపోలో పెట్టిన పేరు. పద్నాలుగేళ్ళుగా సిటీ బస్సు నడుపుతోంది. ఏ స్టాపులో ఆపినా బస్సు మెట్టుకీ గట్టుకీ మధ్య అంగుళం మించి సందు ఉండదని తోటి డ్రైవర్లు అలా పిలవడం మొదలుపెట్టారు. నలభై అడుగుల బస్సును వెనక్కి తెచ్చి రెండు బస్సుల మధ్య దూర్చే మనిషిని, పద్నాలుగు అడుగుల కారు దగ్గరికి రానివ్వడు మొగుడు.

"నీది మోటు చెయ్యి. ఇది సుకుమారమైన బండి," అంటాడు.

మొగుడు ఇన్సూరెన్స్ సర్వేయరు. ఎక్కడైనా రెండు బండ్లు రాసుకుంటే వెళ్ళి, సొట్ట ఎంత, గీత ఎంత, తప్పెవరిది అని తేల్చడం ఆయన ఉద్యోగం. రోజంతా ఊళ్ళో వాళ్ళ సొట్టలు చూసీ చూసీ ఆయనకి గీత అంటే పామంత భయం పట్టుకుంది. అలాంటివాడు వెళ్ళి వెళ్ళి లగ్జరీ కాంపాక్ట్ ఎస్‌యూవీ కొన్నాడు. కాంపాక్ట్ అంటే చిన్నదని షోరూం కుర్రాడు చెప్పాడట. నిజమే, లోపల ముగ్గురు కూర్చుంటే నాలుగోవాడి మోకాళ్ళు గడ్డానికి తగులుతాయి. బయట నుంచి మాత్రం అపార్ట్‌మెంట్ సెల్లార్లో పక్కవాడి తలుపు తెరుచుకోనివ్వదు. పొగరు విషయంలో అసలు చిన్నది కాదు.

దాని మీద ఈగ వాలనివ్వడు. చెప్పులు విప్పి సంచీలో పెట్టుకుని ఎక్కాలి. మంచినీళ్ళ సీసా మూత తియ్యకూడదు. తలుపు గట్టిగా వేస్తే ఆ పూటంతా ముఖం మాడ్చుకుని కూర్చుంటాడు. రెండో తాళం ఇంట్లో ఉంటే పెళ్ళాం ఎప్పుడో తీసుకుపోతుందని, దాన్ని ఊరికి ఆ చివరున్న తన అక్కగారింట్లో దాచాడు.

వీటన్నిటికంటే అంగుళానికి ఒళ్ళు మండేది తువ్వాలు. ఆమె తల్లి ఎక్కినప్పుడు మాత్రమే వెనక సీటు మీద తువ్వాలు పరుస్తాడు. ఆవిడ కంట్లో వేసుకునే చుక్కలు కారి పాలరంగు తోలు మీద పడితే మరక పోదట. నోట్లో నాలుక లేని మనిషి తల్లి. ఆ తువ్వాలు మీదే, చేతులు ఒళ్ళో పెట్టుకుని, అరువు కుర్చీలో కూర్చున్నట్టు కూర్చుంటుంది.

తల్లికి ఒక కన్ను అప్పటికే పోయింది. రెండోదానికి ఆ రోజు పొద్దున తొమ్మిదింటికి ఆపరేషను. ఎనిమిదిన్నరకల్లా ఆసుపత్రిలో ఉండాలి. ఆ తేదీ కోసం ఐదు నెలలు ఎదురుచూశారు. ఇది తప్పితే మళ్ళీ నాలుగు నెలలు, అప్పటికి ఆ కంట్లో చూపు మిగలకపోవచ్చని డాక్టరు మొహమాటం లేకుండా చెప్పాడు. అంగుళం సెలవు పెట్టి, బస్సులో తీసుకెళ్తానంది.

"ఇంట్లో ఇలాంటి కారుంచుకుని బస్సేమిటి? నలుగురూ ఏమనుకుంటారు?" అన్నాడు సర్వేయరు. ఆ నలుగురెవరో అంగుళానికి ఎన్నడూ తెలియలేదు.

ఏడూ నలభైకి బయల్దేరారు. తువ్వాలు పరిచాడు, అత్తగారిని కూర్చోబెట్టాడు, నాలుగు కోణాలనుంచి చూసుకుని మరీ స్టార్ట్ చేశాడు. సెల్లార్లోంచి పైకొచ్చే ర్యాంపు సగంలో కుడికి తిరుగుతుంది. అక్కడ స్తంభం దగ్గరికి రాగానే, ఏదో తగలబోతోందని హెచ్చరించే సెన్సరు కీచుమంది. ఆయన బ్రేకు తొక్కాడు. కొంచెం కదిపాడు, మళ్ళీ కీచుమంది, ఈసారి కారు దానంతట అదే బ్రేకేసుకుంది. వెనక అపార్ట్‌మెంట్ సెక్రటరీ కారు, దాని వెనక ఇంకో రెండు. హారన్లు మొదలయ్యాయి. సర్వేయరు చెమటలు కక్కుతూ ముందుకొక జానెడు, వెనక్కొక జానెడు కదిపి పది నిమిషాలు తగలేశాడు.

"దిగండి, నేను తీస్తాను," అంది అంగుళం.

"గీత పడుతుంది!"

"అమ్మ కన్ను పోతుంది. దిగండి."

హారన్లకు జడిసి దిగాడు. ఆమె కూర్చుంది, అద్దాలు సర్దుకుంది, రెండడుగులు వెనక్కి తీసి ముందుకు పోనిచ్చింది. ఇక్కడే పద్నాలుగేళ్ళ అలవాటు ఆమె కొంప ముంచింది. బస్సులో డ్రైవరు ముందు చక్రాలకంటే ముందు కూర్చుంటాడు. మలుపు తను దాటాక గానీ స్టీరింగు తిప్పకూడదు. కారులో చక్రాలు ముందుంటాయి. చేతులకి ఆ సంగతి గుర్తు రాలేదు, ఒక్క క్షణం ఆలస్యంగా తిరిగాయి. ఎడమ ముందు మూల గోడకి రాసుకుని గర్రుమంది.

తప్పు తనదే. ఇన్నేళ్ళలో బస్సుకి ఒక్క గీత పడనివ్వని మనిషికి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. నోరు తెరిచి క్షమించమనబోయింది కూడా. సర్వేయరు ఆమె వంక చూస్తే కదా. ఉరికొచ్చి బంపరు ముందు మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

"అయిపోయింది! అంతా అయిపోయింది! ఎక్కడిదక్కడే ఉంచు! ఎవరూ కదపొద్దు, ఫోటోలు తియ్యాలి!"

"ఎనిమిదైంది. ఫోటోలు తర్వాత తీసుకోవచ్చు. ముందు అమ్మని..."

"కదపొద్దన్నానా! బండి కదిలితే క్లెయిము పోతుంది. నీ మోటు చేతులు పడిపోను! మీ అమ్మ కన్ను ఎక్కడికీ పారిపోదు!"

వెనక సీట్లో తల్లి ఆ మాట విన్నది. వినలేదన్నట్టు కిటికీ వైపు తిరిగింది.

అంగుళం ఇంజను ఆపింది. డిపోలో మొదటి రోజు నేర్పిన పాఠం ప్రకారం బ్రేకు వేసి, తాళం తీసి, కుర్తా జేబులో వేసుకుంది. సీటు దిగితే తాళం జేబులో ఉండాలి, ఆ పని చెయ్యి తనంతట తనే చేస్తుంది. తల్లిని దింపి, చెప్పులు తొడిగి, చెయ్యి పట్టుకుని ర్యాంపు ఎక్కింది. సర్వేయరు పొడుగు కొలిచే టేపు గోడకి ఆనించి ఫోటో తీసుకుంటున్నాడు.

స్టాపుకి వచ్చిన బస్సు ఆమె డిపోదే. నిండుగా ఉంది, అయినా ఎవరో లేచి తల్లికి చోటిచ్చారు. ఆవిడ ఇంకా కూర్చోలేదు, ఇంతలో ఫోను మోగింది.

"తాళం ఏదీ? వెనక మూడు కార్లు ఆగిపోయాయి. సెక్రటరీ నా ప్రాణం తోడేస్తున్నాడు!"

జేబు తడుముకుంది. తాళం వెచ్చగా తగిలింది. గీత సంగతి ఇంకా మనసులో నలుగుతోంది. పైగా ఆ మూడు కార్లవాళ్ళు చేసిన పాపమేమీ లేదు. "ఉండండి, ఎదురొచ్చే బస్సు డ్రైవరుకిచ్చి పంపిస్తాను," అని పెట్టేసింది.

తల్లి సీటు పక్కన కమ్మీ పట్టుకుని అలాగే నిలబడి ఉంది. రెండో చేత్తో సీటు తడిమి చూస్తోంది.

"కూర్చోమ్మా. నీకే ఇచ్చారు."

"తువ్వాలు తెచ్చావే? పాడవుతుందేమో."

వేలమంది ఎక్కి దిగే రెక్సిన్ సీటు అది, నాలుగుచోట్ల చిరిగి ఉంది. దాని ముందు కూడా తల్లి తను మరకనని ఒప్పేసుకుంది. ఎనిమిది నెలలు అది చూస్తూ ఊరుకున్నందుకు అంగుళానికి మొగుడి మీదకంటే తన మీదే ఎక్కువ కోపం వచ్చింది.

"ఇది నా బస్సమ్మా. కాళ్ళు చాపుకుని కూర్చో," అని భుజాలు పట్టి కూర్చోబెట్టింది.

సిగ్నల్ దగ్గర ఎదురు బస్సు వచ్చి ఆగింది. దాని డ్రైవరు ఆమెను గుర్తుపట్టి కిటికీలోంచి చెయ్యెత్తాడు. చెయ్యి చాపితే తాళం అందుతుంది. అంగుళం కూడా చెయ్యెత్తి, నవ్వి, దించేసింది. పచ్చదీపం పడింది.

ఎనిమిదీ ముప్పై ఐదుకి తల్లి పేరు పిలిచారు. అప్పటికి ఫోను ఏడుసార్లు మోగింది. ఎనిమిదోసారి ఎత్తింది. వెనక హారన్లు, అరుపులు, ఎవరో సర్వేయర్ని తిడుతున్న మాటలు స్పష్టంగా వినబడుతున్నాయి.

"పంపిస్తానన్నావుగా! ఎక్కడ చచ్చింది ఆ తాళం?"

"నా జేబులోనే ఉంది. పంపలేదు."

"ఏమిటీ!"

"రెండోది మీ అక్కగారి దగ్గరుందిగా?"

"అక్క ఊళ్ళో లేదు! నాలుగు రోజులదాకా రాదు! నువ్వు ఉన్నపళంగా వచ్చెయ్!"

"అమ్మని లోపలికి తీసుకెళ్తున్నారు. సాయంత్రానికి వస్తాను. ఆ గీత నావల్లే పడింది, ఒప్పుకుంటున్నాను, అలాగే రాసుకోండి. బండి మాత్రం కదపొద్దన్నది మీరే. నేను కదపలేదు."

తల్లి ఆకుపచ్చ గౌను వేసుకుని తలుపు దగ్గర నిలబడి ఉంది.

"అల్లుడుగారు రావట్లేదా?" అంది మెల్లగా.

"లేదమ్మా. కారుకి తోడున్నారు."

తల్లి కూతురి చెయ్యి వెతికి పట్టుకుంది.

"సాయంత్రం కూడా బస్సులోనే పోదామే," అంది.

అంగుళం ఫోను ఆపేసి, తల్లిని గడప దాటించింది.