కాలువ కంటే ముందొచ్చిన శిలాఫలకం

నేనొక శిలాఫలకాన్ని. దండలూ గిండలూ తర్వాత, ముందు నా గోడు వినండి. పుట్టింది చీమకుర్తి గనిలో. అద్దంలా నునుపు చేసి, ఒంటి నిండా పేర్లు చెక్కి బంగారు రంగు పూశారు. ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథి... అందరూ అయ్యాక అడుగున కాస్త చోటు మిగిలితే, చీమ తలకాయంత అక్షరాల్లో ‘మురుగు కాలువ నిర్మాణం’ అని చెక్కారు.

మునిసిపాలిటీవాళ్ళు నన్ను సున్నపుబట్టీ వీధికి తెచ్చి, మస్తానమ్మ ఇంటి గోడకు ఆనించి పోయారు. మస్తానమ్మ ఇడ్లీ పిండి రుబ్బి అమ్ముకుని బతుకుతుంది. ఆ వీధికి కాలువ లేదు. గట్టి వాన కురిస్తే మురుగంతా ఆమె గడప దాటి లోపలికే. ఒక గ్రైండరు అప్పటికే అలా తడిసి కాలిపోయింది. రెండోదీ పోతే ఆ ఇంట్లో పొయ్యిలో పిల్లి లేవదు.

కంట్రాక్టరు ఇసుక తోలాడు, కంకర తోలాడు. పని మాత్రం మొదలుపెట్టడు. ఏమయ్యా అంటే, నా మీది పరదా తీసి కొబ్బరికాయ కొట్టందే పార వెయ్యకూడదట! ముఖ్య అతిథికి తీరిక లేదు. ఆయనకు తీరిక దొరికేసరికి మూఢం వచ్చింది. మూఢం పోయేసరికి ఎన్నికల కోడ్! నా మీది పేర్లు జనం కంటపడకూడదని గోనెసంచి తొడిగారు. రాయినైన నాకే ఒళ్ళు మండిపోయింది. ఇసుక మీద కుక్కలు పడుకున్నాయి, వానలు రానే వచ్చాయి.

వాన పడ్డప్పుడల్లా మస్తానమ్మ గ్రైండరును మంచమెక్కించి, తను మోకాళ్ళ లోతు మురుగులో నిలబడి నన్ను తిట్టేది.

“రాయి పెట్టారంట రాయి! నా నెత్తిన పెట్టారు!”

ఆమె మాట నిజమే.

ఎన్నికలయ్యాయి. కొత్త చైర్‌పర్సన్ హైమవతి గారు ఇంజనీరును వెంటబెట్టుకుని వీధి చూడటానికి వచ్చారు.

“పనెందుకు ఆపారండీ?”

“శంకుస్థాపన కాలేదు మేడమ్. మీ పేరుతో కొత్త ఫలకం చేయించి, మంచి రోజు చూసి...” అన్నాడు ఇంజనీరు.

“వానేమన్నా మంచి రోజు చూసుకుని వస్తోందా? రేపు పొద్దున్నే తవ్వించండి. నేనిక్కడే కూచుంటా.”

అన్నంత పనీ చేశారు. పని సాగినన్నాళ్ళూ పొద్దున్నే మస్తానమ్మ గుమ్మం ముందు కుర్చీ వేసుకున్నారు. అర్జీలూ ఫోన్లూ అన్నీ అక్కడే. కాలువ పూర్తయింది కానీ, ఆ గుమ్మం ముందు పైన కప్పడానికి ఒక బిళ్ళ తక్కువ పడింది.

“ఈ రాయుందిగా, వెయ్యండి” అన్నారామె.

ఇంజనీరు హడలిపోయాడు. “మేడమ్, పెద్దల పేర్లున్నాయండీ!”

“పేర్లు కిందికి తిప్పండి. నునుపు పైకుంటే జనం జారిపడతారు.”

అలా బోర్లాపడ్డాను. బంగారు అక్షరాలన్నీ మురుగు వైపే. చూపు పోయింది, వినికిడి మిగిలింది.

మొన్న కుండపోత. ఇంట్లో మంచం ఈడ్చిన చప్పుడు, గ్రైండరు ఎక్కించిన చప్పుడు. “ఇదిగో, వచ్చేస్తాయి మాయదారి నీళ్ళు” అని మస్తానమ్మ గొణిగింది. నీళ్ళు నా ముక్కు కింద నుంచి బిరబిరా పారిపోయాయి. గడప దాకా వచ్చి వెళ్ళిన అడుగుల చప్పుడు. ఆ తర్వాత మంచం మీంచి గ్రైండరు దించింది. స్విచ్చి వేసింది.

వాన కురుస్తుండగా ఆ ఇంట్లో పిండి రుబ్బుతున్న చప్పుడు వినడం నాకదే మొదలు. ఏడుపొచ్చింది. ఆ వెంటనే పట్టరాని కోపమూ వచ్చింది. ఇంతేనా? ఈ మాత్రం పనికా ఇన్నాళ్ళు నన్ను అడ్డం పెట్టారు?