మేనేజరు గురగురలు, నా పాండిత్యం

మనుషుల్ని చూడగానే చదివేస్తానని నాకు గట్టి నమ్మకం. నా ఉద్యోగమే అది. సేల్స్‌లో కొత్తగా చేరినవాళ్ళకు, ఎదుటివాడు చేతులు కట్టుకుంటే అర్థమేమిటి, ముక్కు గోక్కుంటే అర్థమేమిటి అని వారానికి మూడు క్లాసులు చెబుతాను. అందుకే మా ఆవిడ తన ఆఫీసు మెట్ల కింద దొరికిన గండుపిల్లిని ఇంటికి తెచ్చినప్పుడు, "నాలుగు కాళ్ళైతే మాత్రం ఏమిటి, మనకి తెలియని భాషా?" అన్నాను. ఎవరో తప్పు చేసినట్టు మొహం పెట్టుకుని గదులన్నీ తిరిగేది కనక దానికి మేనేజరు అని పేరు పెట్టాం.

మొదటిరోజే తోక నేలకేసి టపటపా కొట్టింది. సంతోషం పట్టలేకపోతోందని ఒళ్ళోకి తీసుకున్నాను. మణికట్టు మీద నాలుగు గీతలు పడ్డాయి. మర్నాడు వెల్లకిలా దొర్లి పొట్ట చూపించింది. నిమరమంటోందన్నాను. ఈసారి పళ్ళు దిగాయి. చేతికి కట్టు ఏమిటని క్లాసులో ఎవరో అడిగితే, తలుపు సందులో పడిందని చెప్పాను.

మాతోనే ఉండే అత్తయ్య బఠాణీలు ఒలుస్తూ ఇదంతా చూసేవారు.

"తోక అలా కొట్టిందంటే వదిలెయ్యమని, బాబూ," అన్నారోసారి.

"మీకు పిల్లులంటే గిట్టదుగా అత్తయ్యా?"

"గిట్టదు. అందుకే అదెక్కడుందో, ఏం చేస్తోందో ఓ కన్నేసి ఉంచుతా."

ఒక ఆదివారం పొద్దున్న మేనేజరు సోఫాలో నా పక్కన ముడుచుకు కూర్చుంది. కళ్ళు సగం మూసుకుంది. చెవులు పక్కలకు వాల్చి, ఆగకుండా గురగురమంటోంది. ఫోనులో వీడియో తీసి, "పరమానందం" అని రాసి చుట్టాలందరికీ పంపించాను.

"పొద్దుటినుంచీ ఆ ఇసక ట్రేలోకి ఒంటికని ఐదుసార్లు వెళ్ళింది. ఒక్కసారీ తడి లేదు," అన్నారు అత్తయ్య.

"దానికి శుభ్రం ఎక్కువండీ. చూడండి, ఎంత హాయిగా గురగురమంటోందో!"

"హాయిగా ఉంటే అలా నడుం బిగబట్టుకుని కూర్చుంటుందా? ఎక్కడో నొప్పిగా ఉంది దానికి."

నేను నవ్వాను. క్లాసులో తెలివితక్కువ ప్రశ్న వేసినవాళ్ళ కోసం దాచుకునే నవ్వు అది. గుర్తొస్తే ఇప్పటికీ లెంపలు వేసుకోవాలనిపిస్తుంది. మా ఆవిడ మాత్రం నా వైపే చూడలేదు. వాళ్ళమ్మ మొహం ఒక్కసారి చూసి, బుట్ట తెచ్చి పిల్లిని అందులో పెట్టేసింది.

పశువుల డాక్టరు దాని పొట్ట నొక్కి చూశాడు. అప్పుడు కూడా అది గురగురమంటూనే ఉంది.

"మూత్రం అడ్డుపడింది. ఇంకో పూట ఆగితే ప్రాణం మీదికొచ్చేది," అన్నాడు.

"మరి గురగురమంటోంది కదండీ?"

"నొప్పేసినా అంటాయి, భయమేసినా అంటాయి సార్. తమని తాము ఊరడించుకోడానికి. ఇంతకీ ఎవరు కనిపెట్టారు?"

"మా అత్తయ్యగారు," అన్నాను.

"మీరేం చేస్తుంటారు?" అన్నాడు కాగితం నింపుతూ.

"ఏదో... ఉద్యోగం," అన్నాను.

మూడు రోజులకు మేనేజరు బతికి బట్టకట్టి ఇంటికొచ్చింది. ఆ సాయంత్రం సిగ్గు విడిచి అత్తయ్యనే అడిగాను. "మీకెలా తెలిసిందండీ?"

"ఏముంది బాబూ, చూశాను. మీరు చూడకముందే అర్థం చెప్పేస్తారు."

వారం రోజులు నోరు మూసుకుని చూడాలని నిశ్చయించుకున్నాను. నా బోటివాడికి అది కఠోర వ్రతం. చెవులు వెనక్కి తిరిగితే చెయ్యి తీసెయ్యాలని నేర్చుకున్నాను. నాలుగో రోజున మరొకటి కనబడింది. అత్తయ్య కుర్చీలోంచి లేచేటప్పుడు ఒక చేత్తో బల్ల, ఇంకో చేత్తో మోకాలు పట్టుకుని, ఊపిరి బిగబట్టి, ఆ తర్వాత చిరునవ్వు నవ్వుతున్నారు. ఆ చిరునవ్వును నేను ఎన్నాళ్ళుగానో సంతృప్తి కింద జమకట్టాను.

"మోకాలు ఎప్పట్నుంచి నొప్పి అత్తయ్యా?"

"నాకేం నొప్పి?" అని నవ్వారు. నేను కదల్లేదు. మోకాలు నిమురుకుంటూ, "ఆర్నెల్లైందిలే," అన్నారు.

"లేవండి, డాక్టరు దగ్గరికి వెళ్దాం."

"ఆ పిల్లి డాక్టరు దగ్గరికా?"

ఎముకల డాక్టరు మందులతోపాటు వ్యాయామం కూడా చెప్పాడు. ఇప్పుడు రోజూ పొద్దున్నే అత్తయ్య హాల్లో చాప పరుస్తారు. పరవగానే మేనేజరు వచ్చి సరిగ్గా మధ్యలో కూర్చుంటుంది. ఎందుకో నాకు తెలియదు. అడిగినవాళ్ళకు కూడా అదే చెబుతున్నాను.