ప్రశంసాపత్రం మీద పేరు

పాలు కాచాలి. అత్తగారి మాత్రలు పూటపూటకీ విడదీసి పెట్టాలి. ఆయన చొక్కా ఇస్త్రీ చెయ్యాలి, చిన్నదానికి రెండు జడలు వెయ్యాలి. తొమ్మిదింటికల్లా కౌన్సిల్ హాల్లో కుర్చీలు వేయించి, మైకు చూసి, పదకొండు ప్రశంసాపత్రాల మీద పేర్లు రాయాలి. మా పుట్టింట్లో డిగ్రీ చదివిన మొదటిదాన్ని నేను. చేతిరాత బాగుంటుందని మునిసిపల్ ఆఫీసులో ఆ పని నాకే ఇస్తారు. ఆ ఉదయం అన్నీ చేశాను, ఒక తప్పుతో సహా.

మా పేట బడి ముందు రోజూ ఒకావిడ పిల్లల్ని రోడ్డు దాటించేది. కర్రకు ఎర్రగుడ్డ కట్టి, లారీకి ఎదురెళ్లి "ఆగాగు!" అని అరిచేది. అందుకే పిల్లలకామె ఆగాగు అక్క. ఎనిమిదేళ్లు, జీతం లేదు. మా పెద్దదాని చెయ్యీ, తర్వాత చిన్నదాని చెయ్యీ ఆమెకు అందించి నేను బస్సుకు పరుగెత్తేదాన్ని.

సేవ చేసినవాళ్ల ఇంటి నంబర్లు మాత్రమే నాకొచ్చాయి. పేర్ల కోసం ఇళ్ల రిజిస్టరు తీశాను. అందులో ఇంటికొక్క పేరే, యజమానిది. అదే రాసేశాను. ఎప్పుడూ అలాగే రాస్తాం.

సమావేశంలో ముందు పేట కష్టాలు విన్నారు. వెలగని వీధిదీపాలు, మూతలేని కాలువ. బడి దగ్గర సిగ్నల్ కావాలని ఆగాగు అక్క లేచి గట్టిగా అడిగింది. 'ఒక నివాసి కోరారు' అని మినిట్స్ పుస్తకంలో రాసుకున్నాను. తర్వాత సన్మానం. మైకులో టైలరైన ఆమె భర్త పేరు పిలిచారు. సగం లేచిన ఆమె మళ్లీ కూర్చుంది. టైలరు భార్య వైపు ఒకసారి చూసి, వేదికెక్కి, "ఏదో నా చేతనైనంత" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె కూడా.

అయ్యాక నా బల్ల దగ్గరికొచ్చింది. "పేర్లు నువ్వే రాశావంటగా అమ్మా? ముత్యాల్లా ఉన్నాయి. నా పేరు అలా రాస్తే ఎలా ఉంటుందో చూద్దామనుకున్నా" అని నవ్వింది.

"వచ్చే నెల దిద్దిస్తానక్కా" అన్నాను.

ఇంట్లో చెబితే అత్తగారు, "మొగుడికిస్తే పెళ్లానికిచ్చినట్టు కాదుటే? చోద్యం కాకపోతే!" అన్నారు. ఆయన పేపరు దించకుండానే, "తప్పు రాశానని నువ్వే చెప్పుకుంటావా? నీదేమైనా పర్మనెంటు ఉద్యోగమా? ఆ డిగ్రీ ఎవరిచ్చారో నీకు" అన్నారు. ఈ మాటలకు భయపడే ఊరుకున్నానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అది నిజం కాదు.

మరుసటి నెల ఆ మినిట్స్, సన్మానం పొందినవాళ్ల పేర్లతో సహా, నేనే చదివి వినిపించాను. "సవరణలేమైనా ఉన్నాయా?" అని అధ్యక్షుడు గారు అడిగారు. దిద్దాలంటే అప్పుడే దిద్దాలి. సంతకం పడ్డాక ఆ పుస్తకంలో ఏదీ మారదు. ధైర్యం చేసి లేచాను. టైలరు పేరు కొట్టేయమంటాను సరే, ఆ చోట ఏమని రాయమనాలి? ఆమె పేరు నాకు తెలియదు. ఎనిమిదేళ్లు నా పిల్లల ప్రాణాలు ఆమె చేతిలో పెట్టి, ఒక్కరోజూ పేరు అడగలేదు. నా ఎదుట నిలబడి 'నా పేరు' అన్ననాడైనా అడగలేదు. 'టైలరు గారి భార్య' అన్న మాట నోటిదాకా వచ్చింది. సిగ్గేసి మింగేశాను.

"ఏమీ లేవండి" అని కూర్చున్నాను.

ఆ తర్వాత రోడ్డు మీద ఆమె కనిపిస్తే ముఖం చూడలేక తల దించుకుని పోయేదాన్ని. కొన్నాళ్లకు సిగ్నల్ పెట్టారు. ఇక మీరు రానక్కర్లేదని ఆమెకు ఎవరో కబురు చేశారట. ఆ వేసవిలో టైలరు కొట్టు ఎత్తేశాడు. వాళ్లు ఏ ఊరు వెళ్లారో చెప్పగలిగినవాళ్లు లేరు.

ఎనిమిదేళ్లలో ఆ రోడ్డు మీద ఒక్క పిల్ల మోకాలైనా చెక్కుకుపోలేదు. అది ఒక మనిషి రోజూ నిలబడి చేసిన పని. ఆ మనిషిని దయచేసి గుర్తుపెట్టుకోండి, టైలరు గారి భార్యగా మాత్రం కాదు.