పక్కన పడుకునే మనిషి

బీన్స్ తరుగుతూ తరుగుతూ దుర్గాభవాని నిద్రలోకి జారిపోయింది. చక్రాల కుర్చీ మీద అడ్డంగా పెట్టుకున్న పలక, సగం తరిగిన కాయలు, కుడి అరచేతికి చుట్టిన పట్టీలో దూర్చిన కత్తి, అన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. తల మాత్రం ఛాతీ మీదికి వాలిపోయింది. మెడ దగ్గర వెన్నుపూస దెబ్బతిన్నప్పటి నుంచి ఆమె వేళ్లకు పట్టు లేదు, చిటికెన వేలికైతే స్పర్శే లేదు. అందుకే ఆ వేలు తెగిన సంగతి ఆమెకు తెలియలేదు.

"ఓ పిల్లా, నెత్తురు కారుతుంది సూడు," అని అత్త మల్లవ్వ భుజం కుదిపితే ఉలిక్కిపడి లేచింది.

"పొద్దుగాల ఎనిమిదన్న కాలే, గప్పుడే కునుకా," అంది మల్లవ్వ వేలికి గుడ్డపీలిక చుడుతూ. "రాత్రంత రైసు మిల్లు నడిపిస్తివి. ఇంకా తీరలేదానె?"

ఆ రైసు మిల్లు మాట ఆ ఇంట్లో పాతదే. చిల్కానగర్ గల్లీలో ఎవరొచ్చి కూర్చున్నా మల్లవ్వ చెబుతుంది: పై వాటాలో కొత్తగా దిగిన సుబ్బులు మూడో రోజే కిందికి వచ్చి, మీ గురక కాదు, కింద రైసు మిల్లేదో ఉందనుకుని రాత్రిపూట బంద్ చేయరా అని అడిగిందట. అందరూ నవ్వుతారు. భవాని కూడా నవ్వుతుంది. నవ్వకపోతే ఆ మాట నిజంగా తగిలిందని తెలిసిపోతుంది. మగవాడు గురక పెడితే అలసిపోయి పడుకున్నాడంటారు. మల్లవ్వ మొగుడు బతికున్నన్నాళ్లూ గోడలు అదిరేలా గురక పెట్టేవాడని ఆమే చెబుతుంది, చెబుతూ కళ్లు తుడుచుకుంటుంది. "ఆడిదానికి గురకేంది" అన్నది మాత్రం ఆమె నోటి నుంచే వచ్చింది. భవాని మొగుడు నరేందర్ అలాంటి మాటలు అనలేదు. ఆరేళ్ల కిందట ఒకరోజు దిండు చంకలో పెట్టుకుని, "నాచారంల మిషిని కాడ నిలబడి జేసే పని భవానీ, కునుకు వస్తే చెయ్యి లోపలికి పోతది" అన్నాడంతే. అది నిజమే. హాల్లో చాప పరుచుకున్నాడు, ఆ తర్వాత దివాన్ కొన్నారు. పొద్దున్నే వచ్చి ఆమెను ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టి, కాళ్లు సర్ది, డ్యూటీకి వెళ్లిపోతాడు. అందులో ఒక్క రోజు కూడా తప్పలేదు. మంచివాడని అందరూ అంటారు, ఆమె కూడా అంటుంది. ఆ ఎత్తుకునే అరనిమిషంలో అతని చొక్కా వాసన తగులుతుంది. ఆ వాసన కోసం తను ఎదురుచూస్తుందని ఆమె ఎవరికీ చెప్పలేదు.

ఆమె పడింది ఈ ఇంటి మీది నుంచే. పై వాటాకు స్లాబు వేసిన వారమది. స్లాబు గట్టిపడేందుకు దాని మీద మట్టికట్లు కట్టి పొద్దునా సాయంత్రం నీళ్లు నింపే పని ఎవరిదని ఎవరూ అడగలేదు, ఇంట్లో వంట ఎవరిదని అడగనట్టే. పిట్టగోడ ఇంకా లేవలేదు. పైపు లాగుతూ వెనక్కి ఒకడుగు వేసింది, అక్కడ కాలి కింద స్లాబు లేదు. స్లాబు మాత్రం బాగా పట్టింది. ఎంత వానకూ ఒక్క చుక్క కారదని మల్లవ్వ ఇప్పటికీ మురిసిపోతుంది. ఆ ఇంటి కింది వాటాలోనే, గట్టు తక్కువ చేసి కట్టించిన పొయ్యి ముందు, ముగ్గురికి మూడు పూటలా భవాని వండుతుంది. కుర్చీలో ఉన్న మనిషి వండుతుందా అని వచ్చినవాళ్లు ఆశ్చర్యపోతే, "ఊకె కూసుంటే దానికే తోచదు" అంటుంది మల్లవ్వ.

ఆమెను ఆ ఇంటి నుంచి బయటికి తీసింది గ్రేసీ. జవహర్‌నగర్ పిల్ల, చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమ కాలు సన్నబడింది. కసరత్తు చేయించే దవాఖానాలో పరిచయమై, "అక్కా, నీ భుజాలు సూడు, మస్తుగున్నయి, ఉల్లిగడ్డలు తరిగేటందుకేనా" అని వికలాంగుల ఆటల కోసం తను వెళ్లే గ్రౌండుకు లాక్కెళ్లింది. నేలకు బిగించిన ఇనుప కుర్చీలో పట్టీలతో కట్టి కూర్చోబెట్టారు, అరచేతికి జిగురు రాసి ఇనుప గుండు పెట్టారు. మొదటిసారి విసిరితే అది ఆమె కాళ్ల దగ్గరే పడింది. రెండేళ్లకు నాలుగు మీటర్లు దాటింది. పేపర్లో చిన్న ఫోటో వచ్చింది. ఆ ఫోటోను నరేందర్ జేబులో పెట్టుకుని ఫ్యాక్టరీకి తీసుకెళ్లాడు.

తర్వాత ఏమైందో ఏమో, గుండు దగ్గర పడటం మొదలైంది. మూడున్నర, మూడు. పొద్దున లేస్తే తల పగిలిపోయేది, రాత్రంతా ఎవరో కొట్టినట్టుండేది. కూర్చున్న చోటే కళ్లు మూతపడేవి. "ధ్యాస లేదమ్మా నీకు," అన్నారు కోచ్. "ఇంటి మీద మనసు పోతోంది." ఇంటి మీద కాదు సార్, దిండు మీద అని చెప్పలేకపోయింది. రాష్ట్ర పోటీల కోసం పది రోజుల క్యాంపుకు పిలిచినప్పుడు ఆమెకు భయం వేసింది. పోటీ అంటే కాదు, ఒకే గదిలో ఎనిమిది మంది ఆడపిల్లలు పడుకోవాలంటే. తన గురక విని వాళ్లు నవ్వుతారు, రైసు మిల్లు మాట చిల్కానగర్ దాటి బయటికి పోతుంది. అందుకని అందరూ పడుకునేదాకా గోడకు ఆనుకుని మెలకువగా ఉండేది. నాలుగో రోజు పొద్దున టిఫిన్ దగ్గర గ్రేసీ పక్కకు వచ్చి కూర్చుంది. ఇడ్లీ ముట్టుకోలేదు.

"నవ్వుతవేమో నవ్వు," అంది భవాని ముందే.

"నవ్వుడు గాదక్కా. నువ్వు గురక పెట్టినంతసేపు నాకేం ఫికర్ లేకుండె. అది ఆగింది. ఇగ వస్తది, ఇగ వస్తది అని సూస్తున్న, రాలే. నోరు తెరిసి ఉన్నది, ఊపిరి లేదు. యేసయ్యా యేసయ్యా అనుకుంట నీ గదుమ పట్టుకుని ఊపిన. అప్పుడు గుంజుకున్నవ్. మళ్ల ఆగింది. ఎన్నిసార్లో తెల్వది. తెల్లారేదాక నీ పక్కనే కూసున్న." గ్రేసీ ఇంకాస్త దగ్గరికి జరిగింది. "ఇంట్ల ఎవరు సూడలేదా అక్కా, ఇన్నేండ్లు?"

ఆ ప్రశ్నకు భవాని దగ్గర జవాబుంది. కానీ పట్టీలో దూర్చిన చెంచాతో ఇడ్లీని చిన్నచిన్న ముక్కలు చేస్తూ కూర్చుంది.

ఏఎస్ రావు నగర్‌లో నిద్ర జబ్బులు చూసే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది కూడా గ్రేసీయే. ఒంటి నిండా తీగలు అంటించి పరీక్ష చేశారు. నిద్రలో ఊపిరి ఆగడం లావుపాటి మగవాళ్లకు కదా మేడమ్ వచ్చేది అని భవాని అంటే, అందరూ అలాగే అనుకుంటారమ్మా, మెడ దెబ్బ తగిలినవాళ్లలో ఇది చాలామందికి ఉంటుంది అంది డాక్టరమ్మ. ఊపిరి లాగే కండరాలు సగం పనిచేయవు, వెల్లకిలా పడుకుంటే గొంతు మూసుకుపోతుంది. కాళ్లు బిగుసుకోకుండా వేసుకునే మాత్రలు దాన్ని ఇంకాస్త వదులు చేస్తాయి. "గంటకు నలభైసార్లు నీ ఊపిరి ఆగుతోంది. నలభైసార్లు నీ ఒళ్లు నిన్ను లేపుతోంది. నువ్వు నిద్రపోతున్నానని అనుకుంటున్నావు గానీ, ఏళ్లుగా నువ్వు నిద్రపోలేదు." గాలి ఒత్తిడితో గొంతు తెరిచి ఉంచే మిషన్ పెట్టుకోవాలని, ఇలా పోటీల్లో ఆడేవాళ్ల కోసం ఒక సంస్థ ఇచ్చిన మిషన్ ఒకటి తన దగ్గర ఉందని చెప్పింది. "వచ్చేసారి నీ పక్కన పడుకునే మనిషిని వెంట తీసుకురా."

ఉద్యమం రోజులు కావడంతో రాస్తారోకో లేని రోజు చూసుకుని, నరేందర్ సెలవు పెట్టి వచ్చాడు. మెట్రో కోసం తవ్విన గుంతల్లో ఆటో ఎగిరెగిరి పడుతుంటే ఒక చేత్తో ఆమె నడుము పట్టుకుని, ఇంకో చేత్తో మడిచిన కుర్చీని పట్టుకుని కూర్చున్నాడు. "ఏమడుగుతది ఆమె?" అన్నాడు. "నాకేం తెల్సు," అంది భవాని.

డాక్టరమ్మ కాగితం తీసింది. "రాత్రి ఈమె దగ్గర ఎవరు పడుకుంటారు?"

"నేనే మేడమ్," అన్నాడు నరేందర్. తడుముకోలేదు. "పక్కనే పండుకుంట. జర గురక వస్తది, అంతే. నాకు మెలకువ వస్తే అటు తిప్పి పండుకోవెడ్త."

భవాని తల తిప్పి అతని వైపు చూసింది. కోపం రావాలి, రాలేదు. అటు తిప్పి పడుకోబెడతాడట. ఆ మాట ఆమె ఒంట్లో ఎక్కడో, స్పర్శ ఉన్న చోట, వెచ్చగా దిగింది. నిజంగా అలా జరుగుతున్న ఇల్లొకటి ఆమెకు కనిపించింది. అందులో తన మంచం, పక్కన అతని దిండు, మధ్యరాత్రి నిద్రమత్తులో అతని చెయ్యి తన భుజం కింద దూరి తిప్పడం. ఆ ఇంట్లో ఇంకాసేపు ఉండాలనిపించింది. నోరు తెరిస్తే ఆ ఇల్లు పోతుంది. అందుకని తెరవలేదు.

డాక్టరమ్మ ముక్కూ నోరూ కప్పే మాస్కు తెచ్చి భవాని ముఖానికి పెట్టి, తల వెనక పట్టీలు బిగించడం నరేందర్‌కు చూపించింది. అతను వంగి రెండుసార్లు పెట్టాడు, రెండుసార్లు తీశాడు. జుట్టులో చిక్కుకున్న పట్టీని మెల్లగా విడదీశాడు. డ్యూటీ తొందర లేకుండా అతని వేళ్లు ఆమె తలను తాకి ఎన్నేళ్లయిందో.

"ఇది జాగ్రత్తగా వినండి," అంది డాక్టరమ్మ. "ఈమె వేళ్లతో ఈ పట్టీలు ఊడదీసుకోలేదు. వాంతి వచ్చినా, కరెంటు పోయి మిషన్ ఆగినా, పక్కనున్న మనిషి వెంటనే తీసేయాలి. మీరు ఉంటేనే ఇది ఇస్తాను. ఇక్కడ పక్కన పడుకునే మనిషి అని ఉంది కదా, పేరు రాసి సంతకం పెట్టండి. ఇవాళే తీసుకెళ్లొచ్చు. పోటీకి ఇంకా మూడు వారాలుంది, మార్పు తెలుస్తుంది."

నరేందర్ పెన్ను అందుకున్నాడు. సంతకం పెడితే చాలు. ఇవాళే నిద్ర, మూడు వారాలకు మళ్లీ నాలుగు మీటర్లు. ఎండాకాలం కరెంటు రోజుకు నాలుగుసార్లు పోతుంది. హాల్లో దివాన్ మీద అతను పడుకుని ఉంటాడు, మధ్యలో తలుపు ఉంటుంది. కప్పేసిన నోటితో ఆమె ఏమని పిలుస్తుంది?

"ఆయనతోని సంతకం పెట్టియ్యకండి మేడమ్," అంది భవాని. "ఆయన హాల్ల పండుకుంటడు. ఆరేండ్లయింది."

"ఇంటి ముచ్చట గిక్కడెందుకే," అన్నాడు నరేందర్ గొంతు తగ్గించి. "ఇజ్జత్ తీస్తున్నవ్."

"నువ్వు గట్ల చెప్తుంటే నాకు మంచిగనిపించింది. గందుకే ఇంతసేపు ఊకున్న."

అతను పెన్ను టేబుల్ మీద పెట్టేశాడు. డాక్టరమ్మ సొరుగులోంచి ఇంకో మాస్కు తీసింది. చిన్నది, ముక్కుకు మాత్రమే. "దీనికి ఉంగరంలాంటి పట్టీ కుట్టిస్తే మణికట్టుతో లాగేసుకోవచ్చు. కానీ పదిసార్లకు పదిసార్లు నీ చేత్తో నువ్వే తీయగలిగేదాకా మిషన్ ఇంటికి ఇవ్వను. నెల పట్టొచ్చు, ఎక్కువే పట్టొచ్చు. ఈ పోటీకి అందదమ్మా."

భవాని తల ఊపింది. ఈ ఏడాది పోటీ ఆ తల ఊపుతో పోయింది.

"మేడమ్," అన్నాడు నరేందర్. నేల చూస్తున్నాడు. "ఇవాల్టి సంది ఆమె గదిలనే పండుకుంట. ఒట్టు. ఆ పెద్దదే ఇయ్యండి, సంతకం పెడ్త."

డాక్టరమ్మ భవాని వైపు చూసింది. "నువ్వు చెప్పు."

ఆరేళ్లు ఎదురుచూసిన మాట అది. పండగ పూట వస్తుందనుకుంది, పేపర్లో ఫోటో వచ్చినప్పుడు వస్తుందనుకుంది. ఇప్పుడొచ్చింది, పరాయి మనిషి ముందు సిగ్గుపడి. వస్తాడు, పడుకుంటాడు. తను మాత్రం మిషన్ పెట్టుకుని కూడా రాత్రంతా నిద్రపోదు. అతనికి మెలకువ వచ్చిందేమో, విసుగు పుట్టిందేమో, దిండు తీసుకుని లేస్తున్నాడేమో అని చీకట్లో చెవులు రిక్కించి వింటూనే ఉంటుంది.

"వద్దు మేడమ్," అంది మెల్లగా. "ఆ చిన్నదే ఇయ్యండి." పట్టులేని రెండు చేతులూ చాచింది.